గాలి డాక్టరు

రాళ్ళకుంటకు వచ్చి డాక్టర్ నెహెమ్యా గారు ఎక్కడుంటారని అడిగితే మా ఊరివాళ్ళు కాస్త తల గోక్కుంటారు. గాలి డాక్టరు అని అడగండి. మేకల వెంట పోయే ముసలావిడ కూడా కర్ర ఎత్తి ఆస్పత్రి వైపు చూపిస్తుంది.

ఆ పేరులో వేళాకోళం ఉంది గాని అగౌరవం లేదు. కడుపు కోసి పేగులు ముట్టుకుంటే అవి అలిగి పడుకుంటాయట. అవి మళ్ళీ లేచేదాకా రోగి నోట్లో చుక్క నీళ్ళు పోయకూడదు. లేచాయనడానికి గుర్తు ఒక్కటే, కింది నుంచి గాలి పోవాలి. అందుకని మా డాక్టరు పూటపూటా ప్రతి మంచం దగ్గరా ఆగి, మీ ఊళ్ళో వాన పడిందా అన్నంత మామూలుగా అడుగుతాడు: “గాలి పోయిందా?”

నేను ఆయన బండి నడుపుతాను. పేరు హెన్రీ. ఇంటర్ రెండో ఏడాదిలో చదువు నా వేగాన్ని అందుకోలేక వెనకబడిపోయింది, నేను ముందుకు వచ్చేశాను. అయినా మా ఆస్పత్రిలో జరిగే ఆపరేషన్లలో సగం నావేనని నా లెక్క. కోసేది డాక్టరు, సామాను అందించేది సిస్టర్ ఫిరోజా. ఒప్పుకుంటాను. కాని మత్తు డాక్టరుండేది కడపలో. ఆయన్ను ఎక్కించుకుని, దార్లో టీ అడిగే వ్యవధి కూడా ఇవ్వకుండా తెచ్చి దించేది ఎవరు? ఒకసారి ఆపరేషన్ మధ్యలో కరెంటు పోయి జనరేటరు మొరాయిస్తే బొలేరోను కిటికీకి ఎదురుగా నిలబెట్టి లైట్లు వేశాను. ఆ వెలుగులో డాక్టరు కుట్లు పూర్తి చేశాడు. ఊళ్ళో కోళ్ళన్నీ తెల్లారిందనుకుని కూశాయి. ఆ కూతలు విని పక్క ఊళ్ళో పాలు పితికేశారని అంటారు. అంటే, నేనే అంటాను.

డాక్టరుది పెద్ద కుటుంబమేమీ కాదు. ఆయన నాయన మంగంపేట గనుల్లో ముగ్గురాయి, అదే బెరైటీస్, తవ్వేవాడు. ఆ రాయి పొడినే శుద్ధి చేసి, తెల్లగా పాలలా కలిపి, కడుపు ఎక్స్‌రేకు ముందు రోగులకు తాగిస్తారని డాక్టరు చెప్తే నేను మొదట నమ్మలేదు. నిజమేనట. నాయన తవ్వాడు, కొడుకు తాగిస్తున్నాడు, ఇంటి వ్యాపారం చెయ్యిదాటి పోలేదు కదా సార్ అన్నాను. ఆయన నవ్వాడు. ఆయన్ను నవ్వించడం ఎంత కష్టమో తెలిస్తే నన్ను మీరు మెచ్చుకుంటారు.

చదివింది కర్నూల్లో. కల్లూరులో ఒక రేకుల గదిలో ఉండి, షేర్ ఆటోల్లో వేలాడుతూ కాలేజీకి పోయి, సర్జన్ అయ్యాడు. రాళ్ళకుంటలో మా చర్చివాళ్ళ ఆస్పత్రి పాతది. అక్కడ అప్పుడున్న పెద్ద డాక్టరు కంటి ఆపరేషన్ చేయించుకోవడానికి సెలవు పెడితే, ఆయన వచ్చేదాకా చూసుకోమని నెహెమ్యా గారిని పిలిచారు. పెద్దాయనకు చూపు బాగా వచ్చింది. ఆ చూపుతో మా ఊరిని ఇంకోసారి చూడాలని మాత్రం ఆయనకు అనిపించలేదు. నెహెమ్యా గారు ఆ సెలవు అయిపోవడం కోసం ఎదురుచూస్తూ, ఎద్దు పొడిచిన వాళ్ళనూ, ట్రాక్టరు కింద పడ్డవాళ్ళనూ, కాన్పు అడ్డం తిరిగిన వాళ్ళనూ కుట్టుకుంటూ, తల నెరిపేసుకున్నాడు.

సర్జన్లంటే గుండె రాయి అని మీరనుకుంటారేమో. ఈయన పిరికివాడు. కత్తి పట్టుకున్నంతసేపు చెయ్యి వణకదు. కుట్టి బయటికి వచ్చాక మొదలవుతుంది. పేగు కుట్టిన రోజు నుంచి ఆ రోగి ముద్ద తినేదాకా ఈయనకూ తినబుద్ధి కాదు. టీ గ్లాసు పట్టుకుని వరండా మెట్టు మీద కూర్చుని, కుడిచేతి వేళ్ళతో గాలిలో కుట్లు మళ్ళీ వేసుకుంటూ ఉంటాడు, ఎక్కడైనా ఒకటి తప్పిందేమోనని. ఆ సమయంలో పలకరిస్తే పలకడు.

అందుకే మా ఆస్పత్రిలో గాలి పోవడం పండగ. ఊళ్ళో బొరుగుల బట్టీ, మీరు మరమరాలంటారే అవి, పెట్టుకున్న నబీ సాహెబ్‌తో ఇది మొదలైంది. ఆయన పేగు బాగుపడి గాలి పోయిన రోజున ఇంటి నుంచి బస్తాడు బొరుగులు తెప్పించి వార్డంతా పంచాడు. అప్పటి నుంచి అది ఆనవాయితీ. ఎవరికి గాలి పోతే వాళ్ళ తరఫువాళ్ళు బొరుగులు పంచాలి. సిస్టర్ ఫిరోజా “ఫలానా వాళ్ళకు పోయింది” అని గొంతెత్తి చెప్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, డాక్టరు గుప్పెడు బొరుగులు నోట్లో వేసుకుని అప్పుడు ఇంటికి పోయి అన్నం తింటాడు. ఆడవాళ్ళ వార్డూ మగవాళ్ళ వార్డూ ఒకే హాలు. మధ్యలో గోడ ఉంది గాని పైకప్పు దాకా పోదు. అటు అన్నది ఇటు, ఇటు అన్నది అటు వినపడుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక మా అత్తగారు ప్రేమమ్మ సంగతి.

మొన్న ఎండాకాలంలో నా భార్య నిస్సీ కాన్పై, పసిబిడ్డతో తల్లిగారింట్లో ఉంది. మా మామ లేడు. ఇంట్లో ఉన్నది అత్త, నిస్సీ, బిడ్డ. అత్తకు కడుపునొప్పి వచ్చింది. బాలింతకు చెప్తే బెంగపడుతుందని వాము నమిలి ఊరుకుంది. వాంతులైతే ఎండదెబ్బ అంది. కడుపు ఉబ్బి, లేవలేక గోడకు ఆనుకున్నాక నిస్సీ నాకు ఫోన్ చేసింది. నేను బొలేరోలో ఎంత వేగంగా తెచ్చానంటే, ఊరి చివర నన్ను చూసి మొరిగిన కుక్క మొరుగుడు నేను ఆస్పత్రి దగ్గర దిగాక వినపడింది.

డాక్టరు కడుపు నొక్కి చూసి, ఎక్స్‌రే తీయించి, పేగు మెలిక పడిందన్నాడు. నేను మత్తు డాక్టర్ను కడప నుంచి ఎత్తుకొచ్చాను. కడుపు తెరిస్తే మెలిక పడిన చోట పేగు నల్లబడి ఉంది. ఆ ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టాడు. బయటికి వచ్చి టోపీ తీస్తూ నాతో అన్నాడు:

“నా పని అయిపోయిందప్పా. ఇంగ ఆ అతుకు పని. అది ఊడిపోకుండా నిలబడాల.”

“మీరు కుట్టినాక అది యాడికి పోతాది సార్.”

“పోతే ఏమైతాదో నీకు తెల్దు,” అన్నాడు, మెట్టు మీద కూర్చుంటూ. “మళ్ళీ కోయాల. ఆమె ఒంట్లో రక్తం తక్కువ. రెండో కోత తట్టుకుంటాదని నేను చెప్పలేను.”

ఆ మాట నిస్సీకి నేను చెప్పలేదు. అత్తను నేనే చూసుకుంటానని, బిడ్డను వదిలి రావొద్దని చెప్పాను. చూసుకున్నాను కూడా. ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళను రానివ్వరు గాని ఆస్పత్రి మనిషిని నన్ను ఆపేదెవరు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. బండి పని ఉంటే తప్ప లేవలేదు. రాత్రి అక్కడే కింద దుప్పటి పరుచుకుని పడుకున్నాను. కన్నకొడుకులు కూడా అంత సేవ చెయ్యరు. చుట్టుపక్కల మంచాల ఆడవాళ్ళందరూ మెచ్చుకున్నారు. “ఇట్లాంటి అల్లుడు యాడ దొరుకుతాడు ప్రేమమ్మా,” అని ఒకామె అంటే, “ఇంకోడు లేడుమ్మా, నన్ను చేసినాక దేవుడు అచ్చు పగలగొట్టినాడు,” అని నేనే జవాబు చెప్పాను.

అత్త మాత్రం ఏమీ అనలేదు. మా వైపు పాత కాలం ఆడవాళ్ళకు అల్లుడంటే ఉన్న మర్యాద మీకు తెలుసో లేదో. మా పెళ్ళైన నాటి నుంచి ఆమె నా ఎదురుగా మంచం మీద కూర్చోలేదు. నేను వస్తే కొంగు తల మీదికి లాక్కుని తలుపు వెనక్కి పోతుంది. నాతో చెప్పాల్సిందేదైనా గోడకో, గేదెకో చెప్పి నాకు వినపడేలా చేస్తుంది. అలాంటి మనిషి మంచం మీద పడుకుని, అల్లుడు కింద కూర్చుని ఉంటే, లేవడానికి ఒకటే ప్రయత్నం. నేను బయటికి పోయి వచ్చినప్పుడల్లా సెలైన్ గొట్టం లాగుతున్నా సరే తల ఎత్తబోయేది. “పండుకో అత్తా, పండుకో,” అని నేను పెద్దమనసుతో అనేవాణ్ణి. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకునేది.

గోడకు అవతల మగవాళ్ళ వైపు చిన్న ఈరన్న అనే పెద్దాయనకు మా అత్తకంటే ఒక రోజు ముందు పేగు ఆపరేషన్ అయింది. ఆయనకు గాలి పోయిన సంగతి ఫిరోజా చెప్పే అవసరం రాలేదు. గోడకు ఇటువైపు మాకే తెలిసింది. తర్వాత ఆయన గొంతు వినపడింది: “సిస్టరమ్మా, రాసుకో. మామూలుది గాదు, మంగంపేటలో రాయి పేల్చినట్టుండాది.” వార్డంతా చప్పట్లు. ఆయన కొడుకు బొరుగులు పంచుతూ ఇటూ వచ్చాడు. నేను మా అత్త వైపు తిరిగి హుషారు చేద్దామని అన్నాను:

“చూడు అత్తా. రేపు నీ వంతు. నీకైతే బొరుగులు గాదు, ఊరంతా ఉగ్గాని పెట్టిస్తా. మైకు కూడా పెడదాం.”

అత్త కళ్ళు మూసుకుంది. నిద్ర వచ్చిందనుకున్నాను.

మర్నాడు డాక్టరు వచ్చి అడిగాడు. అత్త తల అడ్డంగా ఊపింది. సాయంత్రం అడిగాడు, మళ్ళీ అంతే. ఆ మర్నాడు పొద్దున కడుపు మద్దెలలా బిగుసుకుంది. ఒళ్ళు కాస్త వేడిగా ఉంది. పెదవులు ఎండి పగిలాయి. డాక్టరు చాలాసేపు మంచం దగ్గర నిలబడ్డాడు. తర్వాత నన్ను వరండాలోకి పిలిచాడు. టీ కూడా తాగలేదేమో, ముఖం పీక్కుపోయి ఉంది.

“హెన్రీ, బండిలో డీజిల్ ఉండాదా?”

“నిండా ఉండాది సార్. ఎందుకు?”

“కడపలో పెద్దాస్పత్రికి ఫోన్ చేసినా. ఒక మంచం పెట్టినారు. మధ్యాన్నం దాకా చూస్తా. పోకపోతే తీసుకపోదాం.”

“అతుకు ఊడిందా సార్?”

“తెల్దు.” వేళ్ళు గాలిలో కదులుతున్నాయి. “ఊడలేదనే నా మనసు చెప్తాది. నా మనసు మాట నమ్మి కూచుంటే ఆమె పోతాది. ఊడకుండానే మళ్ళీ కోస్తే, ఆ కోతకే పోతాది. ఏది చేసినా నాదే గదప్పా.”

నేను ఏదో ఒకటి అని నవ్వించే మనిషిని. మీ కుట్టు ఊడితే నా మీసం తీసేస్తా సార్ అన్నాను. ఆయన విననట్టు మళ్ళీ లోపలికి పోయాడు. నేను బండి తుడిచి, వెనక సీటు మడిచి పరుపు వేసి, ఆమెను ఎప్పుడు ఎక్కించాలో అడగడానికి ఆయన వెనకే వార్డులోకి వెళ్ళాను.

డాక్టరు స్టెతస్కోపు కడుపు మీద పెట్టి వింటున్నాడు. ఇంకో చెయ్యి మెల్లగా కడుపు మీద ఉంది. ఫిరోజా పక్కన నిలబడింది.

“లోపల చప్పుడు బాగుండాది సిస్టర్,” అంటున్నాడు. “పేగుల బండి పోతానే ఉండాది. కడుపు గూడా ఇప్పుడే కొంచెం మెత్తబడింది. అయితే యాడ ఆగుతాండాది?”

“సార్, పరుపు ఏసినా,” అన్నాను.

డాక్టరు ఉలిక్కిపడి చెయ్యి వైపు చూసుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

“హెన్రీ, బయటికి పో.”

“ఎందుకు సార్?”

“పోప్పా ముందు.”

పోయాను. కాసేపటికి లోపలి నుంచి పిలిచాడు. “ఇంగ రా.” వచ్చాను. అత్త కొంగు కోసం వెతుక్కుంది. డాక్టరు కళ్ళు మూసుకుని చెయ్యి కడుపు మీదే ఉంచాడు. “పో.” పోయాను. “రా.” గడప దాటడం, రావడం. కొత్తగా కొన్న దూడను నడిపించి చూసినట్టు ఆయన నన్ను ఎన్నిసార్లు తిప్పాడో నేను లెక్క పెట్టలేదు. పక్క మంచాల ఆడవాళ్ళు లేచి కూర్చుని చూస్తున్నారు. చివరిసారి నేను గడపలో ఉండగా డాక్టరు కళ్ళు తెరిచాడు.

“ఏమైంది సార్?” అంది ఫిరోజా.

“ఈయప్ప లోపలికొస్తే కడుపు రాయైతాది. బయటికి పోతే బువ్వ మాదిరి మెత్తగైతాది. నా చేతికి తెలుస్తాండాది.” ఆయన వంగి, మా అత్త ముఖం చూస్తూ, గొంతు తగ్గించి అడిగాడు. “అమ్మా, నిన్నటి నుంచి బిగబట్టుకోనుండావా?”

అత్త కొంగు ముఖం మీదికి లాక్కుంది. కొంగు కింద నుంచి ఏడుపు వినపడింది.

ఫిరోజా వంగి కొంగులో చెవి పెట్టి విని, మాకు చెప్పింది. “అల్లుడు ఎదురుగా కూచోనుండాడు కదమ్మా, రాత్రి గూడా ఈడనే పండుకున్యాడు, నేను ఎట్ల, అంటాండాది సార్. ఆపైన చప్పట్లు కొడతారంట, మైకు పెడతారంట. దానికన్నా సచ్చిపోతే మేలు అంటాండాది.”

డాక్టరు నిటారుగా నిలబడ్డాడు. ఆయన నన్ను తిడతాడేమోనని చూశాను. తిట్టలేదు.

“హెన్రీ, బండి తీ.”

“కడపకా సార్?”

“యాడికన్నా. ఊరి బయటికి పో. హారన్ కొట్టుకుంటా పో. నువ్వు పోయినావని ఆమెకు వినపడాల. దూరం పోయేకొద్దీ కొడతానే ఉండు. పిలిచేదాకా రావాకు.”

గోడ అవతలి వైపు గట్టిగా చెప్పాడు: “ఈరన్నా, నువ్వూ, మీ పక్కనోళ్ళూ అందరూ వరండాలో నీడకు పోయి కూచోండి. ఎండ తగలకుండా.” ఎందుకని ఈరన్న అడిగితే డాక్టర్ చెప్పిన మాట వినాలన్నాడు. ఆయన ఎప్పుడూ అలా అనడు. మగవాళ్ళందరూ సెలైన్ సీసాలు చేత్తో ఎత్తి పట్టుకుని, ఊరేగింపులా బయటికి వచ్చారు.

నేను హారన్ మీద చెయ్యి తీయకుండా బయల్దేరాను. రాళ్ళకుంట వీధిలో ఇంతవరకు ఏ పెళ్ళికొడుకూ అంత చప్పుడుతో పోయి ఉండడు. జనం ఇళ్ళలో నుంచి బయటికి వచ్చారు. ఎవరైనా ఏమైందని అడిగితే “మా అత్త కోసం” అని అరిచాను. ఊరి బయట కంకర మిషన్ దాటి, రాజంపేట రోడ్డు మీద ఒక తుమ్మచెట్టు కింద ఆపి, అక్కడ కూడా ఒక్కోసారి కొట్టాను. అంతదూరం వినపడదని తెలుసు. వినపడితే వినపడుతుందని కొట్టాను. అక్కడ కూర్చుని, ఫోన్ తొడ మీద పెట్టుకుని, నేను ప్రార్థన చేశాను. ఇలాంటి దానికి ప్రార్థన చేయవచ్చో లేదో పాస్టర్ గారిని అడగలేదు.

ఫోన్ మోగింది. ఫిరోజా.

“అన్నా,” అంది. కాసేపు ఏమీ అనలేదు. నా ప్రాణం పోయింది. తర్వాత నవ్వాపుకుంటున్నట్టు తెలిసింది. “రావచ్చు. వార్డులోకి గాదు. వరండా దాకా.”

తిరిగి వచ్చేటప్పుడు నేను బండి ఎంత మెల్లగా నడిపానో నాకే నమ్మకం కలగదు. ఆ మాట మీరు ఎవరికీ చెప్పొద్దు.

డాక్టరు మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్ళో ఊరికే ఉన్నాయి, వేళ్ళు కదలడం లేదు. ఈరన్న ఆయన పక్కనే సెలైన్ సీసా తల పైకి ఎత్తి పట్టుకుని కూర్చుని, ఇప్పటికీ ఎందుకు బయటికి పంపారో అడుగుతున్నాడు. డాక్టరు చెప్పడం లేదు.

“మనం చేసినదానికే ఇట్లైంది హెన్రీ,” అన్నాడు నన్ను చూసి. “మన బొరుగులు, మన చప్పట్లు. మగోళ్ళకు అది సంబరం. ఇన్నేండ్లలో ఎంతమంది ఆడోళ్ళు లేదు సార్ లేదు సార్ అని, ఎండిన నోరుతో పండుకోనుంటారో. నేను పేగు నిదర లేయలేదని సెలైన్ పెట్టుకుంటా పోయినా.” ఆయన తల ఊపాడు. “రేపటి నుంచి ఆ పక్క సిస్టర్ ఒక్కటే అడుగుతాది. చెవిలో. లోపలికి గంజి గిన్నె పోయిందంటే మనకు తెలిసినట్టే.”

“మరి నబీ సాహెబ్ బొరుగులు?”

“ఈ పక్కన తింటాం గదా. మాకు సిగ్గెక్కడిది,” అన్నాడు ఈరన్న మధ్యలో.

డాక్టరు నవ్వాడు. పొద్దుటి నుంచి మొదటిసారి. ఫోన్ తీసి కడపకు చేశాడు. “రాళ్ళకుంట నుంచి సార్. ఆ మంచం ఇంకెవరికైనా ఇయ్యండి. మా పేషెంటు రావడం లేదు... లేదు లేదు, బాగుండాది. అంతా బాగుండాది.” ఆ చివరి మాట అవతలివాళ్ళకు అవసరం లేకపోయినా రెండుసార్లు చెప్పాడు. తర్వాత లేచి, నడుము వెనక్కి వంచి విరుచుకుని, ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటానని, సాయంత్రం దాకా ఎవరూ లేపవద్దని చెప్పి పోయాడు. పోయేటప్పుడు ఈరన్న భుజం మీద చెయ్యి వేసి పోయాడు.

లోపల ఫిరోజా మా అత్తకు చెంచాతో గంజినీళ్ళు తాగిస్తున్నట్టు వినపడింది. అత్త ఏదో అంది.

“అన్నా,” అని గడప లోపలి నుంచే పిలిచింది ఫిరోజా. “అల్లుడు మధ్యాన్నం బువ్వ తిన్యాడో లేదో అడుగుతాండాది.”

తినలేదు. తిన్నానని చెప్పమన్నాను.

చెట్టు కిందికి పోయి నిస్సీకి ఫోన్ చేశాను. రెండో కోత సంగతి, కడప సంగతి, అన్నీ అయిపోయాక చెప్తున్నాను కాబట్టి ఏడ్చినా ఫరవాలేదనుకున్నాను. ఏడ్చింది. బిడ్డ కూడా ఏడ్చింది. ఇద్దరూ తేరుకున్నాక అసలు సంగతి చెప్పాను.

“చూసినావా మీయమ్మకు నేనంటే ఎంత మర్యాదో. పేగులు గూడా నన్ను చూసి లేచి నిలబడతాండాయి. కడప జిల్లాలో ఏ అల్లునికీ ఇట్లాంటి గౌరవం లేదు, రాసిపెట్టుకో.”

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు, ఆ తర్వాత నవ్వు.

“అట్లైతే మాయమ్మ ఇంటికొచ్చేదాకా ఆ గౌరవాన్ని తీసుకోని బండిలోనే పండుకో,” అంది నిస్సీ. “వార్డు పక్కకు పోవాకు.”